మాట అందించే మనిషి

పిన్ని ఇంట్లో వాక్యం పూర్తి చేసుకునే భాగ్యం ఎవరికీ లేదు. భర్త భోజనానికి కూర్చుని “ఇవాళ కూరలో…” అంటే చాలు, “ఉప్పెక్కువైంది, తెలుసు, పెరుగు పోసుకోండి” అని ఆమె ముగించేది. ఆయన అనదలచుకున్నది ఉప్పు సంగతి కాకపోవచ్చు. కూర అమోఘంగా ఉందనే అనబోయాడేమో కూడా. అది తేలే అవకాశం ఏనాడూ రాలేదు. లిఫ్టు మెకానిక్కైన ఆ భర్త తన మాటకు తానే ముగింపు పెట్టుకున్నది పెళ్ళికి ముందు మాత్రమే.

ఇది నోటి దురుసు కాదు, వృత్తి వల్ల అంటుకున్న జబ్బు. పగలంతా తెరల దుకాణంలో కిటికీల కొలతల ప్రకారం గుడ్డ కత్తిరించే ఆ ఇల్లాలు, సాయంత్రాలు ఒక చిన్న నాటక సమాజంలో ప్రాంప్టరు. ప్రేక్షకులకు కనబడకుండా రంగస్థలం పక్కన నిలబడి, చిన్న టార్చిలైటు వెలుగులో నాటకం ప్రతి చూసుకుంటూ, నటుడు మాట మరచిన క్షణాన మొదటి రెండు మాటలు అందించడం ఆమె పని. మూడో మాట కూడా అందిస్తే ముందు వరుసవాళ్ళకు వినబడుతుంది. ఒక్క మాటతో సరిపెడితే నటుడికి చాలదు. మరచిపోయానని నటుడికి తెలియక ముందే ఆమెకు తెలిసేది. కనురెప్ప ఒకసారి అదనంగా వాలుతుంది, కంఠంలో గుటక దిగుతుంది. ఈలోగా మాట వెళ్ళి అతడి చెవిలో పడుతుంది. ఆ సమాజంలోని మహారాజులూ, మహర్షులూ, రాక్షసులూ అందరూ ఆమె ఊపిరి మీద బతికినవాళ్ళే. చప్పట్లు మాత్రం వాళ్ళవి.

ఆ సమాజానికి అధ్యక్షుడు, రచయిత, దర్శకుడు, కథానాయకుడు అన్నీ తానే అయిన పెద్దమనిషిని అందరూ గురువుగారనేవారు. సృష్టి, స్థితి, లయలను ముగ్గురు దేవుళ్ళు సర్దుబాటు చేసుకుని పంచుకున్నారు గానీ, గురువుగారైతే ఆ పంపకానికి ససేమిరా ఒప్పుకునేవారు కారు. ఒక్క వేషం ఇప్పించమని పిన్ని అడిగినప్పుడల్లా ఆయన ఆకాశం వైపు చూసి, “నీకు తగిన పాత్ర ఇంకా పుట్టలేదమ్మా” అనేవారు. ఆ ప్రసవం కోసం ఆమె యౌవనమంతా ఎదురుచూసింది.

ఈలోగా దుకాణం మూతబడింది. లిఫ్టు గొట్టాలలో వంగి వంగి భర్త మోకాళ్ళు మొరాయించాయి. ఇంట్లో ఎవరో ఒకరు గట్టి ఉద్యోగం చూసుకోక తప్పని స్థితి వచ్చింది. అందుచేత ఆమె నలభై నాలుగో ఏట నర్సింగు కాలేజీలో చేరింది. సహాధ్యాయినులు ఆమె వయసులో సగం లేని పిల్లలు. మొదటి వారంలోనే వాళ్ళకు ఆమె “పిన్ని” అయిపోయింది. ఆ తరువాత పాఠాలు చెప్పేవాళ్ళు కూడా నోరు జారి ఒకటి రెండుసార్లు పిన్నిగారూ అన్నారు.

సూది గుచ్చడం, కట్టు కట్టడం, పక్క మార్చడం ఆమెకు నీళ్ళు తాగినంత సులువుగా పట్టుబడ్డాయి. ఒక్కచోటే చిక్కు వచ్చింది. రోగిని ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకోవాలట. రోగి తనంతట తాను చెప్పేదాకా ఆగాలట. పిన్నికి ఇది సాక్షాత్తు నరకయాతన. రోగి “నాకు రాత్రి నుంచీ…” అని ఊపిరి తీసుకునేలోపే “దగ్గా?” అనేసేది. ఆ అభాగ్యుడు మర్యాదస్థుడైతే దగ్గేననేవాడు. వెన్నునొప్పితో వచ్చినవాళ్ళు దగ్గు మందుతో ఇంటికి వెళ్ళే ప్రమాదం ఏర్పడింది.

చివరి ప్రాక్టికల్ పరీక్షలో ఆ ప్రమాదమే జరిగింది. ఆ కాలేజీ పద్ధతి ప్రకారం పరీక్షకు అసలు రోగులను పెట్టరు. బయటి మనుషులను పిలిచి, ఎక్కడ నొప్పో, ఎన్నాళ్ళనుంచో రాసిన చీటీ ముందుగా చదివించి, రోగుల్లా నటించమని మంచం మీద పడుకోబెడతారు. విద్యార్థిని వాళ్ళను మాటల్లో పెట్టి ఆ సంగతంతా రాబట్టాలి. పిన్నికి దొరికిన నకిలీ రోగిణి గుండెనొప్పి చీటీతో వచ్చిన సాధువైన మనిషి. పిన్ని అందించిన ప్రతి మాటకూ తలూపి, చివరికి అజీర్తి, మోకాళ్ళ వాపు, కోడలితో పడకపోవడం అనే మూడు బాధలు ఒప్పుకుంది. గుండె మాట గుండెలోనే ఉండిపోయింది.

పక్కనే అద్దం వెనకున్న గదిలో కూర్చుని మైకులో అంతా విన్న పరీక్షాధికారిణి నవ్వడం ఎవరూ ఎరుగరు. పిల్లలు ఆమెకు గంభీరమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆమె పిన్నిని పిలిచి అంది:

“నువ్వు రోగిని అడగలేదమ్మా. రోగికి పాత్ర రాసిచ్చావు.”

“ఆవిడ చెప్పడానికి ఇబ్బంది పడుతుంటే కాస్త సాయం…”

“ఇబ్బంది పడనీ. అదే మనం వినాల్సింది. ఇంకొక్క అవకాశం ఉంది, శుక్రవారం. అప్పుడూ మాట అందించావో, ఇక ఉద్యోగం ఆశ వదులుకో. పాసైతే సోమవారం పొద్దున్నే వార్డులో చేరాలి.”

సరిగ్గా ఆ వారంలోనే గురువుగారు ఇంటికి వచ్చారు. ఆయన వస్తే గుమ్మంలోకి ముందు కంఠం వస్తుంది, తరువాత మనిషి.

“పుట్టిందమ్మా! నీ పాత్ర పుట్టింది! మహారాణి!”

పిన్ని చేతిలోని గరిటె జారి గిన్నెలో పడింది.

“మరణశయ్య మీద మహారాజు. అంటే నేను. పక్కన మహారాణి, అంటే నువ్వు. తెర లేచిన దగ్గర్నుంచి తెర పడేదాకా వేదిక దిగవు. అలాంటి పాత్ర నాకే ఎప్పుడూ దొరకలేదు, తెలుసా?”

“మాటలెన్ని గురువుగారూ?”

“మాటలా! మాటలు చెప్పేవాడు వీధికొకడున్నాడు. ఈ పాత్ర కళ్ళతో బతుకుతుంది. రాజు శిరస్సు దగ్గర వంగి ఉంటుంది. ఎప్పుడూ వంగే ఉంటుంది. ఎంత కరుణ! సోమవారం పొద్దున్న రిహార్సలు మొదలు. రోజూ పొద్దున్నే. ఆ హాలు పొద్దున పూటే ఇస్తారు.”

ఆయన వెళ్ళాక పిన్ని స్టవ్ దగ్గర నుంచి సింకు దాకా మహారాణిలా నడిచింది. మెడ నిలబెట్టి, చెయ్యి ఒకటి గాలిలో ఆనించి, మళ్ళీ స్టవ్ దగ్గరికి తిరిగివచ్చింది. వంటగది చిన్నది కావడం చేత ఆ సామ్రాజ్యం నాలుగడుగులకే ముగిసేది. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు ఆ రాకపోకలను కాసేపు గమనించి అడిగింది:

“నడుం పట్టేసిందా?”

“కాదత్తయ్యా, రాణి నడక.”

“ఓహో. ఏం చేస్తుందీ రాణి?”

“చావబోయే రాజు పక్కన కూర్చుంటుంది.”

“దానికి నాటకమెందుకే? వార్డులో రోజూ అదే పని, పైగా జీతమిస్తారు.”

భర్త కాళ్ళు రెండూ బల్ల మీద చాపుకుని, మోకాళ్ళకు వేడినీళ్ళ సంచి పెట్టుకుని ఉన్నాడు. పిన్ని ఆయన వైపు తిరిగి, “మీరేమంటారు? నిజంగా చెప్పండి” అంది.

“నేననేది ఏంటంటే, నీకు ఎప్పటినుంచో…”

“ఉన్న కోరికే గానీ ఇప్పుడు మన పరిస్థితి బాగా లేదు. అంతేగా? నాకు తెలుసు.”

ఆయన నోరు తెరిచి, మూసి, సంచిని రెండో మోకాలి మీదికి మార్చుకున్నాడు. ఆమె తనతో తానే వాదించుకుని, తానే ఓడి, వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఉద్యోగం కావాలి, నిజమే. కానీ ఇన్నేళ్ళకు పుట్టిన పాత్రను పురిట్లోనే వదిలేసుకోవడానికి మనసు రాలేదు. శుక్రవారం పరీక్ష తప్పితే బెంగ ఉండదు కదా అని కూడా ఒక క్షణం అనిపించింది. ఆ ఆలోచనకు తానే సిగ్గుపడి, చిక్కుడుకాయలు అత్తగారి చేతిలోంచి లాక్కుని తుంచసాగింది.

శుక్రవారం వచ్చింది. పరీక్ష గది తెల్లటి తెరలతో వాటాలు చేసిన పొడవాటి హాలు. తెర గుడ్డ నాసిరకమని, అంచు వంకర కుట్టని పిన్ని వెళ్తూ వెళ్తూ గమనించకపోలేదు. ఆమెకు కేటాయించిన వాటాలో తెర తొలగించి చూసేసరికి, మంచం మీద ఆసుపత్రి గౌనులో, కళ్ళ కింద నల్లరంగు పులుముకుని, నుదుటి మీద చెమట కోసం నూనె రాసుకుని, గురువుగారు!

కాలేజీవాళ్ళు నటులు కావాలని అడిగితే ఆయన వచ్చారన్నమాట. ఎవరికి పరీక్షో ఆయనకు తెలియదు, రోగి ఎవరో ఈమెకు తెలియదు. ఈమెను చూడగానే ఆయన ముఖంలో ఒక నిశ్చింత పరచుకుంది. పిన్నికి ఆ చూపు కొత్త కాదు. ప్రతి నాటకంలోనూ, తెర లేవబోయే ముందు, ఆయన పక్కకు తిరిగి ఆమె నిలబడి ఉందో లేదో చూసుకునే చూపు అది. ఉంది; ఇక భయం లేదు.

అద్దం వెనక గంభీరమ్మ కలం మూత తీసింది.

“నమస్కారమండీ. నేను నర్సింగు విద్యార్థినిని. మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి” అంది పిన్ని.

“అమ్మా!” అన్నారు గురువుగారు. పక్క వాటాలోని నకిలీ రోగి ఉలిక్కిపడ్డాడు. “ఏమని చెప్పను తల్లీ! పంచభూతాలూ పగబట్టిన ఈ దేహం, నిన్నటి దినమున…”

ఆగారు. కనురెప్ప ఒకసారి అదనంగా వాలింది. కంఠంలో గుటక దిగింది.

పిన్ని నాలుక చివరకు మాట వచ్చి నిలబడింది. ఆయన చెయ్యి బొడ్డుకు కుడివైపు దిగువన ఉంది. ఆ చీటీలో ఏమి రాసి ఉంటుందో రెండో ఏడు పిల్లలైనా చెప్పగలరు. కడుపునొప్పి అనండి. రెండే మాటలు. జీవితమంతా ఆ రెండు మాటల ముక్కలు ఆయన చెవిలో వేస్తూనే ఉంది. ఆమె రెండు చేతులతోనూ మంచం కడ్డీ పట్టుకుని నోరు బిగించింది.

గురువుగారు కుడిచెవి తమ్మెను రెండు వేళ్ళతో నలిపారు. మాట అందించమనడానికి అది వాళ్ళిద్దరి మధ్యా ఉన్న గుర్తు. పిన్ని కదలలేదు. ఆయన రెండో చెవి కూడా నలిపారు. అటు తరువాత దగ్గారు. ఆ తరువాత కోపంగా చూశారు. మహర్షులు మౌనవ్రతం పట్టి అడవుల్లో ఏళ్ళ తరబడి ఉంటారంటారు. వాళ్ళ ఎదురుగా గురువుగారిని మంచం మీద పడుకోబెట్టి ఉంటే ఎంతమంది తపస్సు నిలబడేదో చెప్పలేము. పిన్ని అరికాళ్ళకు చెమట పట్టింది. ప్రేక్షకులు కుర్చీలు కదిపే చప్పుడు ఆమె చెవులకు వినబడసాగింది. అక్కడ కుర్చీలూ లేవు, ప్రేక్షకులూ లేరు.

ఆ నిశ్శబ్దంలో గురువుగారి కంఠం పరీక్ష గదిలోనే కాదు, ఏ వేదిక మీదా ఎవరూ వినని స్థాయికి దిగివచ్చింది.

“గుర్తు రావట్లేదమ్మా.”

పిన్ని ఆగింది.

“ఇందాకే చదివాను చీటీ. రెండుసార్లు చదివాను. పోయింది.” ఆయన చూపు పైకప్పు మీద ఉంది. “ఈ మధ్య అన్నీ ఇలాగే పోతున్నాయి. మొన్న మా ఇంటి సందు దాటి వెళ్ళిపోయాను. కూరగాయలమ్మే ఆవిడ పిలిచి, ఇటు కాదు సారూ, అటని చూపించింది. రాజు వేషం నేనే రాశాను గదా, ఒక్క పేజీ నోటికి రావట్లేదు. నేను రాసిందే.”

అద్దం వెనక గంభీరమ్మ తన దగ్గరున్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కడుపునొప్పి కేసులో కూరగాయలావిడ ఎక్కడా లేదు.

“ఎప్పటినుంచి ఇలా ఉంది?” అంది పిన్ని, మెల్లగా.

“వానాకాలం ముందు నుంచి.”

“ఇంట్లో చెప్పారా?”

“ఎవరితో చెప్పను? గురువుగారు మరచిపోతున్నాడని తెలిస్తే సమాజం ఉంటుందా?” ఆయన ఇప్పుడు ఆమెకేసి చూశారు. “అందుకే రాణి వేషం పుట్టించాను. నువ్వు నా తల దగ్గరే వంగి ఉంటే, చాటు నుంచి అందించేదేదో అక్కడి నుంచే అందిస్తావు గదా అని.”

పిన్ని చేతికింద కడ్డీ కిర్రుమంది. అంటే కళ్ళతో బతికే పాత్ర ఇదన్నమాట. చీర మార్చుకున్న ప్రాంప్టరు. వంటగదిలో నాలుగడుగుల సామ్రాజ్యం ఏలిన రాణికి ఒళ్ళు మండింది. ఆ మంట చేత ఆమె నోటికి ఎన్నో మాటలు వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా రోగితో అనదగినది కాకపోవడం చేత అన్నిటినీ మింగి, “ఇంకేమైనా చెప్పాలనుందా?” అని మాత్రం అడిగింది.

“భయంగా ఉందమ్మా” అన్నారాయన.

గంట మోగింది. పరీక్ష సమయం ముగిసింది. మరుక్షణమే గురువుగారు మంచం మీద నిలువునా లేచి కూర్చుని, రెండు చేతులూ పొట్టకు హత్తుకుని అరిచారు:

“ఆఁ! కడుపునొప్పి! కుడివైపు! నిన్న సాయంత్రం నుంచి! వాంతులు కూడా! వచ్చింది, వచ్చింది, గుర్తొచ్చింది!”

“అయిపోయిందండీ, పడుకోండి” అంది గంభీరమ్మ లోపలికి వస్తూ. తరువాత పిన్నిని తెర బయటికి పిలిచింది.

“చీటీలో ఉన్నది ఒక్కటీ నువ్వు రాబట్టలేదు.”

“లేదు మేడమ్.”

“ఒక్క మాటా అందించలేదు కూడా.”

“లేదు మేడమ్.”

“ఆయన చెప్పిందంతా నటనంటావా, నిజమంటావా?”

“నటనైతే అంత బాగా చెయ్యలేరండీ. ఆయన్ని నాకు బాగా తెలుసు.”

గంభీరమ్మ పెదవి ఒకవైపు కదిలింది. అది నవ్వేనని అక్కడున్న పిల్లలు తరువాత ప్రమాణం చేసి చెప్పారు. ఆమె కాగితం మీద ఏదో గీసి అంది:

“సోమవారం పొద్దున్న, మగవాళ్ళ వార్డు. ఆలస్యం చెయ్యకు. ఇప్పుడు ఆయన్ని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, నేను ఫోను చేస్తాను.”

నరాల డాక్టరు గది ముందున్న బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. గురువుగారు గౌనులోనే ఉన్నారు. కళ్ళ కింద నల్లరంగు చెంపల దాకా కారడం చూసి, నిజమైన రోగులు జాలిపడి ఆయనకు చోటిచ్చారు. పిన్నికి ఉద్యోగం వచ్చింది. ఆ ఆనందం ఎక్కడో ఉందని ఆమెకు తెలుసు గానీ, పక్కనున్న కోపాన్ని దాటుకుని అది రాలేకపోతోంది.

“నడివేదిక మీద వదిలేశావు నన్ను” అన్నారాయన.

“మీరు నన్ను వేదిక ఎక్కించనే లేదు.”

“ఇప్పుడు ఎక్కించానుగా! రాణి…”

“నా నోరు మీ చెవి దగ్గర పెట్టుకోడానికి ఎక్కించారు. నేను నటించగలనని ఒక్కసారైనా అనుకున్నారా గురువుగారూ? నిజం చెప్పండి.”

ఆయన చెప్పలేదు. ఆమె కూడా ఆయన తరఫున సమాధానం చెప్పలేదు. ఒక ముసలాయన చక్రాల కుర్చీలో వెళ్ళాడు, ఎవరో నేల తుడుచుకుంటూ వీళ్ళ కాళ్ళు పైకెత్తించారు, దింపించారు.

“అనుకోలేదమ్మా” అన్నారు గురువుగారు చివరికి. “నువ్వు వేదికెక్కితే నాకు అందించేదెవరని, అంతే అనుకున్నాను.”

పిన్నికి ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చింది. ఇన్నేళ్ళకు ఆయన నోట సొంతంగా నిజం రావడం, అదీ ఒకే రోజున రెండోసారి.

“సోమవారం నేను వార్డులో చేరుతున్నాను” అంది. “మా ఆయన మోకాళ్ళు బాగా లేవు, ఉద్యోగం మానేది లేదు. మీ రాణి వేషం నేను వెయ్యను. రాజు వేషమైతే వేస్తాను.”

“రాజా! ఆడమనిషివి!”

“రాణే చస్తుంది. రాణులు చావరా? మీ పేజీలన్నీ నాకు నోటికొచ్చు. మీకు అందించీ అందించీ, మీ నాటకాల్లో రాజులందరి మాటలూ నా దగ్గరే ఉన్నాయి.”

“రిహార్సలు పొద్దున్నే. హాలు…”

“హాలెందుకు? చచ్చేవాళ్ళు పడుకునే ఉంటారు, మంచం పట్టే చోటు చాలు. సాయంత్రం డ్యూటీ దిగి వస్తాను. మా ఇంటి ముందు గదిలో చేద్దాం. మా అత్తగారు చూస్తే మీకు వేరే విమర్శకులు అక్కర్లేదు.”

గురువుగారి ఛాతీ పొంగింది. సృష్టి, స్థితి, లయ మూడూ ఏకమై నిరసన తెలపబోతున్నట్టు కనబడింది. అంతలో ఆయన చూపు నరాల డాక్టరు తలుపు మీద పడింది. ఛాతీ మెల్లగా తగ్గింది. గౌను అంచును మోకాళ్ళ మీదికి లాక్కున్నారు. పిన్ని ఆయనకేసి చూడకుండా, నేల తుడిచే మనిషి బకెట్టును చూస్తూ కూర్చుంది.

“ఆ మంచం పక్కన వంగి కూర్చునే వేషం…” అని ఆగారు. గుటక వేశారు. ఆమె పలకలేదు. “…దానికి మాటలెన్ని?”

“ఒక్కటీ లేదు. మీరే రాశారుగా.”

“ఒక్కటీ లేకపోతే ఎలాగమ్మా? నేనూ ఒక నటుణ్ణి. కనీసం ఒక మూలుగైనా పెట్టు.”

పిన్ని ఆలోచించింది.

“ఒకటి పెడతాను” అంది. “అదీ నేను చచ్చాక.”